కాయల సంఖ్యతో భాగించు

"సర్, ఆ భాగహారం లైను తీసేస్తే నా కాయలు బాగానే పడుతున్నాయి."

వేసవి శిబిరం తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఒక అమ్మాయి నా బల్ల దగ్గరికొచ్చి అన్న మాట ఇది. ఆ మాటలో ఒక్క అక్షరం తప్పు లేదు. దానికి నేనిచ్చిన జవాబులో ఒక్క అక్షరం ఒప్పు లేదు. "నీ కోడు నేను చెప్పినట్టు లేదమ్మా. రెండో విలువ నువ్వెందుకు పంపుతున్నావు? అది తీసెయ్యి, భాగహారం ఉంచు" అన్నాను. ఆమె రెండు క్షణాలు నిలబడింది. ఏదో అడగబోయి మానేసింది. "సరే సర్" అని వెళ్లి, సరిగ్గా ఉన్న తన ప్రోగ్రామును తప్పుగా మార్చుకుని తెచ్చింది. నేను చూసి పదికి తొమ్మిది వేశాను.

ఇది నాలుగేళ్ల కిందటి సంగతి. దాన్ని దాచుకుని ఉండలేకపోతున్నాను.

నేను నూజివీడు వైపు ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ప్రోగ్రామింగ్ నా సబ్జెక్టు కాదు. ఎమ్మెస్సీ చదివే రోజుల్లో నీలం తెర మీద టర్బో సి ప్లస్ ప్లస్‌తో లెక్కలు చేసిన అనుభవం ఉంది. పైథాన్ నలభై దాటాక నేర్చుకున్నాను. పాఠ్యపుస్తకంలో పడి ఉన్న గతిశాస్త్రాన్ని పిల్లలకు తెర మీద కదిలించి చూపించాలని నా కోరిక. అందుకు పైగేమ్ దొరికింది. పీట్ షిన్నర్స్ 2000లో మొదలుపెట్టిన లైబ్రరీ అది. శామ్ లాంటింగా రాసిన ఎస్‌డీఎల్ అనే మరో లైబ్రరీ మీద నిలబడి ఉంటుంది. డబ్బు కట్టక్కర్లేదు, మా ల్యాబులోని పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తుంది, పది లైన్లలో కిటికీ తెరుచుకుంటుంది. ఇరవై నాలుగు మంది పిల్లలు, పన్నెండు రోజులు. ఆట ఏమిటంటే, తెర పైన మామిడి కొమ్మ, కింద బుట్ట. కాయలు రాలుతుంటే బాణం మీటలతో బుట్టను జరిపి పట్టుకోవాలి. మా పిల్లల్లో సగం మందికి తోటలతో సంబంధం ఉంది. ఆట వాళ్లదిలా ఉండాలనుకున్నాను.

శిబిరానికి రెండు వారాల ముందు నేనే ఆ ఆట రాసి పెట్టుకున్నాను. కాయను తయారుచేసే ఫంక్షనుకు రెండు విలువలు కావాలి. కొమ్మ మీద కాయ ఎక్కడుంది, బయల్దేరేటప్పుడు దాని వేగమెంత. రాలే కాయ నిశ్చలంగానే మొదలవుతుంది కదా, ప్రతిసారీ ఆ సంగతి చెప్పడమెందుకని వేగానికి డిఫాల్ట్ విలువగా వెక్టర్2(0, 0), అంటే అడ్డం వేగం సున్నా, నిలువు వేగం సున్నా, అని రాసేశాను. పిలిచేవాళ్లు ఏమీ ఇవ్వకపోతే దాన్ని వాడుకోమని అర్థం. ఆ తర్వాత ప్రతి ఫ్రేములోనూ కాయ చేసే పని రెండే లైన్లు: వేగానికి 0.2 కలుపు, ఆ వేగాన్ని స్థానానికి కలుపు.

ఒక కాయను వదిలాను. ఎంత చక్కగా పడిందో చెప్పలేను. మొదట మెల్లగా కదిలి, తర్వాత ఊపందుకుని, నేల చేరేసరికి నిజంగా కాయే పడినట్టుంది. ఇంట్లోవాళ్లను పిలిచి చూపించాను. రెండో కాయ, మూడో కాయ రావడంతో తేడా మొదలైంది. కొత్త కాయ కొమ్మ నుంచి కదలడమే బాణంలా కదిలేది. ఐదారు కాయలు ఉంటే కంటికి అందేవి కావు. ఆట అయిపోయాక "మళ్లీ ఆడు" అని ఆర్ మీట నొక్కితే మొదటి కాయ కూడా పిడుగులా పడేది. ప్రోగ్రాము మూసి మళ్లీ తెరిస్తే మాత్రం మొదటి కాయ మెల్లగానే పడేది.

ఇప్పుడు చదువుతుంటే ఆ చివరి రెండు వాక్యాల్లోనే జవాబంతా ఉంది. ఆట మళ్లీ మొదలైనా చెరగనిది, ప్రోగ్రాము మూస్తే చెరిగిపోయేది ఏదో ఒకటి లోపల ఉందన్నమాట. అదేమిటని అడగాల్సింది. నేను అడగలేదు. నా అనుమానమంతా పైగేమ్ మీదికి పోయింది.

దానికొక కారణం ఉంది. అప్పటికే ఆ లైబ్రరీ డిఫాల్ట్ విలువలు నన్ను మూడుసార్లు తడబెట్టాయి. గడియారం వస్తువును టిక్ అని పిలిస్తే ఆట స్థిరమైన వేగంతో నడుస్తుందనుకున్నాను. బ్రాకెట్లో ఏమీ ఇవ్వకపోతే దాని డిఫాల్ట్ సున్నా, అంటే ఏ హద్దూ లేదు. కంప్యూటరు ఎంత వేగంగా తిప్పగలిగితే అంత వేగంగా తిప్పుతుంది. 60 ఇస్తేనే సెకనుకు అరవై ఫ్రేములకు మించకుండా ఆపుతుంది. దీర్ఘచతురస్రం గీయమంటే అంచు గీస్తుందనుకున్నాను. మందం డిఫాల్ట్ సున్నా, సున్నా అంటే లోపలంతా నింపేయమని. సంగీతం వినిపించమంటే ఒక్కసారి పాడి ఆగిపోయింది. లూప్స్ డిఫాల్ట్ సున్నా అంటే తిరిగి పాడక్కర్లేదని. ఐదు ఇస్తే ఆరుసార్లు పాడుతుంది, ఆపకుండా పాడాలంటే మైనస్ ఒకటి ఇవ్వాలి. ఇవన్నీ సహాయం పేజీల్లో స్పష్టంగా రాసి ఉన్నవే. చదవకుండా ఊహించుకున్నది నేను. కానీ మూడుసార్లు తడబడ్డాక మనసులో ఒక అభిప్రాయం గడ్డకట్టింది: ఈ లైబ్రరీ మనకు చెప్పకుండా ఏవేవో చేస్తుంది. నాలుగోసారి తేడా కనబడగానే దోషి ఎవరో ముందే తేలిపోయింది. ఇక సాక్ష్యం వెతకడమే మిగిలింది.

టిక్‌లో 60 పెట్టాను. మారలేదు. బొమ్మను ప్రతిసారీ ఫైలు నుంచి చదవడం వల్ల ఆలస్యమవుతోందేమోనని ఒక్కసారే చదివి, తెరకు తగిన రూపంలోకి మార్చి పెట్టాను. మారలేదు. పైగేమ్‌ను తీసేసి మళ్లీ ఎక్కించాను. అప్పుడు ఫిజిక్స్ మాస్టారిగా నాకు తెలిసిన పని చేశాను. కొలిచాను.

కొమ్మ నుంచి నేలకు 600 పిక్సెళ్లు. ప్రతి కొలతకూ ప్రోగ్రామును కొత్తగా తెరిచి, కాయలన్నీ ఒకేసారి వదిలి, నేల చేరడానికి ఎన్ని ఫ్రేములు పట్టిందో రాసుకున్నాను. ఒక్క కాయకు 77. రెండు కాయలకు 55. నాలుగు కాయలకు 39. డెబ్బై ఏడును రెండు వర్గమూలంతో భాగిస్తే యాభై నాలుగున్నర, రెండుతో భాగిస్తే ముప్పై ఎనిమిదిన్నర. నా ఒళ్లు ఝల్లుమంది. త్వరణం కాయల సంఖ్యతో గుణించుకుపోతోంది. రెండు కాయలుంటే గురుత్వం రెట్టింపు, నాలుగుంటే నాలుగింతలు. కాలం వర్గమూలం చొప్పున తగ్గుతోంది. పట్టిక, సూత్రం అచ్చంగా ఒకదానికొకటి సరిపోయాయి. వెంటనే 0.2ను గ్రూపులో ఉన్న కాయల సంఖ్యతో భాగించమని రాశాను. నాలుగు కాయలు వదిలితే 77 ఫ్రేములు. ఆరు వదిలినా అంతే.

కొత్త కాయ బాణంలా బయల్దేరడం మాత్రం పోలేదు. కాయను తయారుచేసేటప్పుడు దాని నిలువు వేగాన్ని సున్నా చేయమని ఇంకో లైను చేర్చాను. డిఫాల్ట్ సున్నాయే అయినప్పుడు మళ్లీ సున్నా చేయాల్సి రావడమేమిటన్న ప్రశ్న నా తలలో ఎందుకు పుట్టలేదో నాకిప్పటికీ అర్థం కాదు. ఆ లైనుతో ఇంకో వింత మొదలైంది. కొత్త కాయ పుట్టినప్పుడల్లా గాలిలో ఉన్న కాయలన్నీ ఒక్కసారిగా వేగం కోల్పోయి మళ్లీ మొదటి నుంచి పడేవి. చూడ్డానికి చిన్న కుదుపులా ఉండేది. మా కంప్యూటర్లు పాతవి కదా, అందుకే అనుకున్నాను.

నా వివరణ కూడా సిద్ధమైంది. పైగేమ్‌లో స్ప్రైట్లన్నిటినీ, అంటే తెర మీద కదిలే బొమ్మలన్నిటినీ, ఒక గ్రూపులో వేసి, గ్రూపును ఒక్కసారి అప్‌డేట్ అని పిలిస్తే చాలు, అది లోపలున్న అందరినీ కదిలిస్తుంది. ఆ గ్రూపు ప్రతి కాయనూ ఒక్కసారి కాకుండా, ఎన్ని కాయలుంటే అన్నిసార్లు కదిలిస్తోందని తేల్చాను. శిబిరం కోసం తయారుచేసిన రెండు పేజీల కాగితంలో ఏడో లైనుగా రాశాను: "పైగేమ్ గ్రూపు లోపం వల్ల గురుత్వాన్ని కాయల సంఖ్యతో భాగించాలి." జిరాక్సు తీయించి అందరికీ పంచాను.

ఇక్కడ ఆగి నా పట్టికను మళ్లీ చూడమని అడుగుతున్నాను. ప్రతి కాయా ఫ్రేముకు రెండుసార్లు కదులుతుంటే వేగం మాత్రమే కాదు, స్థానం కూడా రెండుసార్లు మారుతుంది. అంటే సినిమా రీలును రెట్టింపు వేగంతో తిప్పినట్టు. అప్పుడు 77 ఫ్రేముల పని 39 ఫ్రేముల్లో అయిపోవాలి, 55లో కాదు. నాలుగు కాయలైతే ఇరవైలో అయిపోవాలి, 39లో కాదు. నా వివరణ తప్పని నా పట్టికే చెబుతోంది. ఆ కొలతలు తీసింది నేను, పక్కన వర్గమూలం వేసింది నేను. పదిహేనేళ్లుగా పిల్లలకు ఈ లెక్కే చెబుతున్నది నేను. పైగా అప్‌డేట్ ఎన్నిసార్లు పిలవబడుతోందో లెక్కపెట్టడానికి ఒక్క లైను చాలు. కాయకు ఒక్కసారే అని తెలిసిపోయేది. ఆ ఒక్క లైను నేను రాయలేదు. భాగహారం పనిచేసింది కదా, ఇక కారణం కూడా నిజమే అయ్యుంటుందని నమ్మాను.

శిబిరానికి రెండు నెలల ముందే తరగతిలో అపోలో 15 గురించి చెప్పాను. 1971 ఆగస్టు 2న డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక చేతిలోంచి సుత్తిని, ఇంకో చేతిలోంచి ఈకను ఒకేసారి వదిలాడు. రెండూ ఒకేసారి నేలను తాకాయి. గాలి అడ్డు లేనిచోట పక్కన ఏముంది, ఎంత బరువుంది అన్నదానితో పడే వస్తువుకు పని లేదని చెప్పి, పిల్లల కళ్లు పెద్దవవడం చూసి ఆనందించాను. అదే నోటితో "కాయలు ఎక్కువైతే వేగంగా పడతాయి, అది ఈ లైబ్రరీ స్వభావం" అని చెప్పాను. ఇరవై మూడు మంది రాసుకున్నారు.

ఇరవై నాలుగో మనిషి ఆ అమ్మాయి.

వాళ్ల నాన్నగారు తోటలు కౌలుకు తీసుకుంటారు. మూడో రోజున నా ఆట చూసి "గాలి లేకుండా కాయ ఎందుకు రాలుతుంది సర్?" అని అడిగింది. మంచి ప్రశ్న అన్నాను గానీ పట్టించుకోలేదు. ఆమె తన ఆటలో గాలి అని ఒక సంఖ్య పెట్టుకుంది. కొంతసేపటికోసారి అది పెరిగేది, తగ్గేది. కాయ రాలేటప్పుడు వెక్టర్2(గాలి, 0) అని అప్పటికప్పుడు కొత్తగా చేసి రెండో విలువగా పంపేది. అందుకని నా డిఫాల్ట్‌తో ఆమెకు అవసరమే పడలేదు. ఆమె కాయల్లో ప్రతిదానికీ సొంత వేగం ఉంది. లేని జబ్బుకు నా భాగహారం మందు వేయడంతో, నాలుగు కాయలుంటే 155 ఫ్రేములకు గానీ నేల చేరేవి కావు. దూదిపింజల్లా తేలేవి. ఆమె ఒక్కో లైనూ తీసి చూసి, ఏడో లైను తీసేస్తే సరిపోతుందని కనుక్కుని నా దగ్గరికొచ్చింది. శాస్త్రం అంటే అదే. నేను బోధించాల్సిన పద్ధతి అదే. ఆమె చేసి చూపిస్తే నేను వద్దన్నాను. రెండో విలువ తీసేయడంతో ఆమె ఆటలోంచి గాలి కూడా పోయింది.

ఆ కాగితాన్ని తర్వాత రెండు వేసవుల్లోనూ పంచాను. మొత్తం డెబ్బై మూడు మంది.

ఈ ఏడాది ఏప్రిల్లో ఆటను కొంచెం మెరుగుపరుద్దామని కూర్చున్నాను. ఆ అమ్మాయి గాలి గుర్తొచ్చింది. కాయను తయారుచేసే చోట, నిలువు వేగాన్ని సున్నా చేసే లైను కిందే, అడ్డం వేగానికి మైనస్ ఒకటికీ ఒకటికీ మధ్య ఏదో ఒక సంఖ్య ఇవ్వమని రాశాను. ఏ కాయ దారి దానిదవుతుందనుకున్నాను. నడిపి చూస్తే, కొత్త కాయ కొమ్మ మీద పుట్టిన ప్రతిసారీ గాలిలో ఉన్న కాయలన్నీ కలిసి ఒకేసారి దిక్కు మార్చుకున్నాయి. ఎడమకు పోతున్నవన్నీ కుడికి తిరిగాయి. ఇంకో కాయ పుట్టగానే మళ్లీ అన్నీ ఎడమకు. చెరువు మీద కొంగల గుంపు మలుపు తిరిగినట్టు.

దీన్ని ఏ సంఖ్యతోనూ భాగించలేను. కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. కుదుపు అనుకున్నది కుదుపు కాదని అప్పుడు తట్టింది. కంప్యూటరు పాతదై కాదు, కొత్త కాయ వేగాన్ని సున్నా చేస్తే అందరి వేగమూ సున్నా అయ్యేది. ప్రతి కాయ వేగానికీ పైథాన్ ఇచ్చే గుర్తింపు సంఖ్యను ఐడీ ఫంక్షనుతో ప్రింటు చేశాను. ఆరు కాయలు, ఆరు లైన్లు. ఆరింటి మీదా ఒకే సంఖ్య. ఆరు వేగాలు లేవు. ఉన్నది ఒక్కటే వేగం, దాన్ని ఆరు కాయలూ పట్టుకుని వేలాడుతున్నాయి. ఒక్కో ఫ్రేములో ఒక్కో కాయ వచ్చి దానికి తన 0.2 కలిపి పోతోంది. ఆరు కాయలు ఆరుసార్లు కలుపుతున్నాయి. త్వరణం ఆరింతలు, స్థానం మాత్రం ఎవరిది వాళ్లు ఒక్కసారే మార్చుకుంటారు. వర్గమూలం ఎక్కడినుంచి వచ్చిందో అంత తేటగా కనబడింది.

ఆ ఒక్కటి ఎక్కడుందో కూడా చూశాను. పైథాన్‌లో ప్రతి ఫంక్షనూ తన డిఫాల్ట్ విలువలను డిఫాల్ట్స్ అనే సంచిలో దాచుకుంటుంది. దాన్ని విప్పి చూస్తే, నేను 0, 0 అని రాసిన చోట 0.4, 7.2 ఉంది. నా చేత్తో రాసిన సున్నాలు అక్కడ లేవు.

పైథాన్‌లో ఫంక్షనును నిర్వచించే డెఫ్ అన్నది మనం చదువుకునే ప్రకటన మాత్రమే కాదు, యంత్రం చేసే పని. ప్రోగ్రాము పై నుంచి కిందికి నడుస్తూ ఆ లైను దగ్గరికి రాగానే ఫంక్షను తయారవుతుంది. దాంతోపాటే డిఫాల్ట్ విలువ కూడా ఆ ఒక్కసారే తయారవుతుంది. తర్వాత వెయ్యిసార్లు పిలిచినా పాతదాన్నే ఇస్తుంది. పెళ్లి భోజనాల్లో ఎవరు కూర్చుంటే వాళ్లకు కొత్త విస్తరి వేస్తారని నేననుకున్నాను. ఇక్కడ వేసినది ఒకటే విస్తరి, పొద్దున వేసినది, అందులోనే అందరూ తిన్నారు. సంఖ్య అయితే ఇబ్బంది లేదు. సంఖ్యను ఎవరూ లోపల మార్చలేరు, కొత్త సంఖ్యతో మార్చుకోవడమే. లిస్టు, డిక్షనరీ, పైగేమ్ వెక్టర్ లాంటివి అలా కాదు, ఉన్నచోటే మారిపోతాయి. నేను వాడిన ప్లస్ ఈక్వల్ గుర్తు వెక్టరును ఉన్నచోటే మారుస్తుంది. వేగం ఈక్వల్ వేగం ప్లస్ గురుత్వం అని పొడుగ్గా రాసి ఉంటే ప్రతిసారీ కొత్త వెక్టరు పుట్టేది, నిలువు వేగాన్ని సరిచేయాల్సిన అవసరమూ వచ్చేది కాదు, ఈ తప్పు జన్మలో బయటపడేది కాదు.

నేను నేర్చుకున్న సి ప్లస్ ప్లస్‌లో డిఫాల్ట్ విలువను పిలిచిన ప్రతిసారీ కొత్తగా లెక్కకడతారు. జావాస్క్రిప్టులోనూ, రూబీలోనూ అంతే. పైథాన్‌లో కూడా అంతేననుకోవడం వరకు నా తప్పు క్షమించదగినదే. ఎందుకంటే ఈ గుంటలో పడనివాళ్లు తక్కువ. పైథాన్ వాళ్లే తమ ట్యుటోరియల్లో, ఫంక్షన్ల భాగంలో, ముఖ్యమైన హెచ్చరిక అని పేరు పెట్టి మరీ దీన్ని రాశారు. నేను ఆ భాగం దాటేశాను, ఫంక్షన్లు నాకు తెలుసునని. తప్పులు వెతికిపెట్టే పైలింట్ కూడా లిస్టునో డిక్షనరీనో డిఫాల్టుగా పెడితే హెచ్చరిస్తుంది గానీ, వెక్టర్2 సంగతి దానికి తెలియదు.

ఇందులో పైగేమ్ దోషం ఏమీ లేదు. అది నన్ను ఎక్కువగా బాధించింది. ఆ రాత్రి దాని సహాయం పేజీలు మళ్లీ తెరిచాను. అక్షరాలు గీసే రెండర్‌కు వెనక రంగు ఇవ్వకపోతే డిఫాల్ట్ నన్. ఢీకొట్టుకున్నాయా అని చూసే స్ప్రైట్ కొలైడ్‌కు పరీక్షించే ఫంక్షను ఇవ్వకపోతే డిఫాల్ట్ నన్. మరికొన్నిచోట్ల సున్నా, ఒకటి. నన్ అంటే ఏమీ లేదని. నన్ అయినా, సంఖ్య అయినా లోపల మారేవి కావు. నేను ఎవరిని తప్పుబట్టానో వాళ్లు రాసిన పేజీల్లోనే సరైన పద్ధతి ఉంది. తప్పు వెతకడానికి ఆ పేజీలు చదివాను గనక అది నాకు కనబడలేదు.

దిద్దడానికి నాలుగు నిమిషాలు పట్టింది. డిఫాల్ట్ నన్ అని పెట్టి, లోపల, వేగం నన్ అయితే అప్పుడే కొత్తగా వెక్టర్2(0, 0) చేసుకోమన్నాను. ఎవరైనా వేగం ఇస్తే దాన్నే పట్టుకోకుండా దాని నకలు చేసుకోమన్నాను. లేకపోతే ఇచ్చినవాళ్ల వెక్టరును మనం పాడుచేస్తాం. భాగహారం తీసేశాను, సున్నా చేసే లైను తీసేశాను. ఒక కాయకు 77, నాలుగింటికి 77, పదింటికి 77. కుదుపు లేదు. మళ్లీ ఆడు నొక్కితే మొదటి కాయ మెల్లగా పడింది.

పొద్దున్నే కాలేజీ ఆఫీసులో పాత రిజిస్టరు తీయించి ఆ అమ్మాయి ఇంటి నంబరు తీసుకున్నాను. వాళ్ల నాన్నగారు ఎత్తారు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తోందని చెప్పి నంబరిచ్చారు. సాయంత్రం ఫోన్ చేశాను. ఆమెకు నేను గుర్తున్నాను, ఆ మధ్యాహ్నం గుర్తులేదు. మొదటినుంచి చెప్పాను. "నువ్వన్నదే నిజమమ్మా. నీ కోడు సరైనది, నాది తప్పు. నీ చేత తప్పు చేయించాను. ఆ రోజు నిన్ను కూర్చోబెట్టి వినాల్సింది" అన్నాను. అవతల కాసేపు మాట లేదు.

"ఆ కాగితం ఇంకా ఇస్తున్నారా సర్?" అంది.

ఇవ్వడం లేదన్నాను. తీసుకున్నవాళ్లందరికీ చెబుతున్నానన్నాను. ఈ వ్యాసం రాసేనాటికి డెబ్బై మూడు మందిలో అరవై ఒక్క మందికి దిద్దిన ప్రోగ్రాము, ఎందుకు దిద్దానో చెప్పే ఉత్తరం చేరాయి. పన్నెండు మంది నంబర్లు మారిపోయాయి. ఇంకో కాలేజీలో పాఠం చెప్పే స్నేహితుడు రెండో ఏడాది ఆ కాగితం అడిగి తీసుకున్నాడు. అతని పిల్లలెవరో నాకు తెలియదు. అతనికీ రాశాను.

ఆ అమ్మాయి కొత్త ప్రోగ్రాము పంపమంది. పంపాను. పది నిమిషాల తర్వాత ఆమే ఫోన్ చేసింది.

"గాలి పెట్టారు సర్."

"పెట్టానమ్మా. ఏ కాయ గాలి ఆ కాయదే. ఒకదాని వల్ల ఇంకొకటి మారదు."

"అదే సర్. వేగం ఎవరిది వాళ్లకుండాలి. గాలి అలా ఉండదు కదా. మా తోటలో ఈదురుగాలి వస్తే పడమటి నుంచే వస్తుంది. అన్ని కాయలూ ఒకవైపే కొట్టుకుపోతాయి."

ఫోన్ పెట్టేసి మళ్లీ కూర్చున్నాను. తోటంతటికీ గాలి అని ఒకే ఒక వెక్టరు చేసి, డిఫాల్టుగా కాకుండా, పేరు పెట్టి ప్రతి కాయకూ చేతికిచ్చాను. కాయ దాన్ని చదువుకుని తన వేగానికి కలుపుకోవచ్చు, మార్చడానికి వీల్లేదు. ఆర్ నొక్కాను. పడమట గాలి లేచింది. తొమ్మిది కాయలు, దేని వేగం దానిదే, అన్నీ తూర్పుకు వాలుతూ పడ్డాయి. బుట్టను అటు జరపడం నాకింకా చేతకాలేదు. ఐదే పట్టుకున్నాను.